అమ్మానాన్నలను కుటుంబం నడిపే చిన్న మెక్సికన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లవచ్చా? శాకాహారికి అక్కడ ఏం దొరుకుతుంది?

తీసుకెళ్లండి, సందేహించకండి. మీరు అడిగింది రెండు విషయాలు. గుడ్డు కూడా ముట్టని మీ అమ్మగారికి అక్కడ తినడానికి ఏమైనా ఉంటుందా, గొడ్డుమాంసం తినని, కారం లేనిదే ముద్ద దిగని మీ నాన్నగారు ఆ భోజనంతో సర్దుకోగలరా అని. నాన్నగారి గురించి బెంగ అక్కర్లేదు. చిక్కంతా అమ్మగారి పళ్లెంతోనే, కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఊరి నుంచి ఎవరొచ్చినా మేము తీసుకెళ్లేది ఇలాంటి చోటుకే. తల్లి వంటగదిలో, కొడుకు గల్లా దగ్గర, కోడలు వడ్డనలో. శాకాహారులకు చైన్ రెస్టారెంటే క్షేమం, మెనూ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది కదా అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. ఒక పేరున్న చైన్ రెస్టారెంట్‌లో అన్నం దేనితో వండారని అడిగితే, వడ్డించే అబ్బాయి ‘మాంసమేమీ లేదనుకుంటాను’ అన్నాడు. ఆ ‘అనుకుంటాను’ విన్నాక మా అమ్మ అన్నం పక్కకు జరిపేసింది. ఇంటివాళ్లే వండే చోట అలా ఉండదు. కోడలు వంటగది గుమ్మం దాకా వెళ్లి అత్తగారిని అడిగి వస్తుంది. బీన్స్ దేనిలో వేయించారో ఆవిడకు తెలియకపోవడమేమిటి, పొద్దున వేయించింది ఆవిడేగా!

అయితే ఎలా అడగాలో తెలిసి ఉండాలి. ‘మేము శాకాహారులం’ అని చెప్పి ఊరుకుంటే, మాంసం ముక్కలు వేయకుండా తెచ్చిపెడతారు, అంతే. పదార్థం పేరు పెట్టి అడగండి. పంది కొవ్వును మాంతేకా అంటారు, కోడి రసాన్ని కాల్దో దె పోయో అంటారు. ‘తియెనె మాంతేకా?’ అంటే ఇందులో పంది కొవ్వు ఉందా అని. మీ ఉచ్చారణ ఎలా ఉన్నా ఫరవాలేదు, అర్థమవుతుంది.

ఈ రెండూ ఎక్కడెక్కడ దాక్కుంటాయంటే, మొదటి అనుమానితుడు రిఫ్రైడ్ బీన్స్. ఉడికించిన పింటో బీన్స్‌ను మెదిపి వేయిస్తారు, సంప్రదాయంగా అది పంది కొవ్వులోనే. ఇప్పుడు నూనె వాడేవాళ్లూ చాలామంది ఉన్నారు, అందుకే అడగాలి. ఎర్రగా, టమాటా అన్నంలా అమాయకంగా కనిపించే అన్నాన్ని తరచుగా కోడి రసంలోనో ఆ రసం పొడి కలిపిన నీళ్లలోనో వండుతారు. పులుసులా వండే చారో బీన్స్‌లో బేకన్, అంటే ఉప్పులో ఊరవేసిన పందిమాంసం, ఉంటుంది. మొక్కజొన్న పిండి మధ్య కూర పెట్టి ఆవిరి మీద ఉడికించే తమాలెస్ లోపల చీజ్, పచ్చిమిర్చి మాత్రమే ఉన్నా, పైపిండిని కొవ్వుతో కలిపి ఉంటారు. చిలె రెయేనో అంటే పెద్ద పొబ్లానో మిరపకాయలో చీజ్ కూరి వేయించేది. చూస్తే మిరపకాయ బజ్జీ అనిపిస్తుంది కానీ పైపూత గుడ్డు సొనది, అమ్మగారికి పనికిరాదు. టెక్సస్‌లో ఎంచిలాడాల (లోపల చీజ్ లాంటివి పెట్టి చుట్టిన మొక్కజొన్న రొట్టెలు) మీద పోసే ముదురు గోధుమరంగు గ్రేవీలో గొడ్డుమాంసం ఉండడం మామూలే. లోపల చీజే కదా అని ధీమాగా ఉండకండి.

ఇంత చదివాక ఇక మిగిలిందేమిటి అనుకుంటున్నారేమో. బోలెడు ఉంది. మొక్కజొన్న టోర్టియాలు, అంటే పల్చని రొట్టెలు, ఎంచుకోండి. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బిన పిండితో చేస్తారు. అందులో కొవ్వు వేయరు. గోధుమ టోర్టియాలు ఇంట్లో చేసినవైతే మాత్రం కొవ్వు ఉండవచ్చు. మేము వెళ్లే రెస్టారెంట్‌లో ఆ పెద్దావిడ ముద్దను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి నొక్కి, పెనం మీద వేసి, వేళ్లతోనే తిప్పుతుంది. రెండోసారి తిప్పాక అది పుల్కాలా పొంగుతుంది. ఆ పొంగినదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెడితే, దానిలోకి టమాటా, మిరపకాయల పచ్చడి లాంటి పచ్చి సల్సా ఒక్కటి చాలు.

వాటితో కెసదీయాలు చేయించండి, అంటే టోర్టియా మధ్య చీజ్ పెట్టి పెనం మీద కాల్చేవి. పుట్టగొడుగులతో, లేదంటే కాల్చి చీల్చిన పొబ్లానో మిరపతో. గుమ్మడి పువ్వులు దొరికే కాలమైతే అవే అడగండి. నోపాలెస్ అని ఒకటుంటుంది. అది నాగజెముడు. ముళ్లు తీసి, ముక్కలు కోసి, ఉల్లిపాయ, టమాటాతో వండుతారు. కాస్త పులుపు, కాస్త బెండకాయ జిగురు. మా నాన్న ‘కంచెకు వేసేది కూరకు తెచ్చారా’ అని నవ్వుతూనే రెండోసారి వేయించుకున్నారు. బీన్స్ కావాలంటే మెదిపి వేయించినవి వదిలేసి ‘ఫ్రిహోలెస్ దె లా ఓయా’ అడగండి. కుండలో ఉల్లిపాయ, ఉప్పు వేసి ఉడికించి, రసంతో పాటు గిన్నెలో పోసి ఇస్తారు. మెనూలో లేకపోయినా వంటగదిలో సాధారణంగా ఉంటాయి, ఎందుకంటే వేయించే బీన్స్ అందులోంచే తీస్తారు. వాటిలోనూ ఒకరిద్దరు కొవ్వు వేస్తారు, అదే ప్రశ్న మరోసారి వేయండి. ఒకే పెనం మీద మాంసం, కూరగాయలు వేయించడం మీ అమ్మగారికి పట్టింపైతే, అదీ ముందే చెప్పండి. ఖాళీగా ఉన్న వేళల్లో వేరే మూకుడు పెట్టడానికి మేము వెళ్లే చోట ఎప్పుడూ విసుక్కోలేదు.

తాగడానికి కోలాలు వద్దు. హమైకా తెప్పించండి. ముదురు ఎరుపు రంగులో పుల్లగా, తియ్యగా ఉంటుంది. అది ఎండబెట్టిన గోంగూర రేకులను మరిగించి చేసే పానీయం. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే ఎర్ర రేకులవి. మొక్క సాక్షాత్తూ మన పుల్ల గోంగూరే. మా అమ్మ నమ్మకపోతే ఆ కోడలు లోపలికెళ్లి గుప్పెడు ఎండు రేకులు తెచ్చి అరచేతిలో పోసింది. అమ్మ ఒకటి కొరికి చూసి, ‘మరి ఆకులేం చేస్తారు?’ అని అడిగింది. వాళ్లు ఆకు వండరట. ఆ తర్వాత పచ్చడి గురించి నేను అరగంట అనువాదం చేయాల్సి వచ్చింది.

ఇక నాన్నగారు. ఫహీతా అంటే అసలు గొడ్డుమాంసమే, పొట్ట కింది పొడవాటి కండ. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెన్జో తన చిన్న రెస్టారెంట్‌లో దాన్ని టోర్టియాల్లో పెట్టి అమ్మడంతో బాగా పేరొచ్చింది. కోడితో చేసేది తర్వాతి ముచ్చట. అందుకే ‘పోయో’, అంటే కోడి, అని గట్టిగా చెప్పండి. బార్బకోవా (మెత్తగా ఉడికించిన మాంసం), కార్నె అసాదా (నిప్పుల మీద కాల్చిన మాంసం) ఈ ప్రాంతంలో దాదాపు ఎప్పుడూ గొడ్డుమాంసమే. శని, ఆదివారాల్లో గోడ మీద కనిపించే మెనూదో, ఆవు పొట్టతో చేసే పులుసు. కారం కోసం ‘చిలెస్ తొరియాదోస్’ అడగండి, పెనం మీద మచ్చలు పడేలా కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసంతో. బల్ల మీద ముందే పెట్టే సల్సా నాలుకకు ఆనదు. బాగా ఘాటైన హబనేరో మిరపతో చేసే సల్సా ఉందా అంటే లోపలి నుంచి వస్తుంది. అది మాత్రం జాగ్రత్త.

చిప్స్, సల్సా టెక్సస్‌లో అడగకుండానే ఉచితంగా వస్తాయి, అయిపోతే మళ్లీ వస్తాయి. నాన్నగారు వాటితోనే కడుపు నింపేసుకోకుండా మీరు ఓ కన్నేసి ఉంచాలి. తీపికి ఫ్లాన్ అనే పాల పుడ్డింగ్, త్రెస్ లెచెస్ అనే పాలలో నానిన కేకు, రెండింటిలోనూ గుడ్డు ఉంటుంది. అమ్మగారికి అరోస్ కోన్ లెచె చెప్పండి. బియ్యం, పాలు, దాల్చినచెక్క. ఒకరిద్దరు అందులోనూ గుడ్డు కలుపుతారు, అడిగే తీసుకోండి.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. చర్చి నుంచి వచ్చే కుటుంబాలతో కిటకిటలాడుతుంది, మీ ప్రశ్నలకు ఎవరికీ తీరిక ఉండదు. వారం మధ్యలో రెండు, మూడు గంటల వేళ మంచిది. టిప్పు 15 నుంచి 20 శాతం, బిల్లులో సాధారణంగా కలిపి ఉండదు. అంతగా సతాయించి వండించుకున్నారు కాబట్టి 20 వైపే ఉండండి.