ఎండ సీమలో నేను తీసిన ఫోటోలు: నాకు బాగా ఇష్టమైనవి

"దట్టమైన అడవులు, మంచుకొండలు లేని రాయలసీమలో ఉంటూ వన్యప్రాణులు, రాత్రి ఆకాశం, ప్రయాణాల ఫోటోలు ఏం తీస్తారు? మీరు తీసినవాటిలో మీకు బాగా ఇష్టమైనవి ఏవి?" అని అడిగారు.

నేనుండేది కర్నూలులో. ఉద్యోగం వేరే, కెమెరా సెలవు రోజుల పని. మా సీమకు వానలు తక్కువ కావడమే ఫోటోలకు కలిసొచ్చిందని నా నమ్మకం. చెట్లు దట్టంగా లేవు కాబట్టి జంతువు చాలా దూరం నుంచే కంటబడుతుంది. మబ్బులు తక్కువ, ఊళ్లు దూరదూరం, అందుకే రాత్రి చుక్కలు నిండుగా కనబడతాయి. నీళ్లు తగ్గితేనే బయటపడే గుడి కూడా మాకుంది. నాకు ఇష్టమైన ఫోటోలు దాదాపు అన్నీ ఈ ఎండ పుణ్యమే.

మొదటిది రోళ్లపాడు కృష్ణజింక. నందికొట్కూరు దగ్గర మిడుతూరు మండలంలో ఉంది ఈ అభయారణ్యం, ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వస్తుంది. అరణ్యం అంటారు గానీ అక్కడున్నది గడ్డి నేల. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. మగది పైన నలుపు, కింద తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. ఆడవి లేత గోధుమ రంగులో ఉంటాయి. చాలామంది అది గాల్లోకి ఎగిరే ఫోటో కోసం జీపుల్లో వెంటపడతారు. అలా తరిమితే వచ్చే ఫోటోలో కనబడేది దాని భయమే. నాకిష్టమైన ఫోటోలో అది నింపాదిగా నిలబడి ఉంది.

దానికి దారి చూపింది అక్కడ గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన. మగ జింక ఒక జాగాను తనదిగా పెట్టుకుంటుంది. ఒకేచోట పెంటికలు వేసి కుప్ప చేస్తుంది, తిరిగి తిరిగి ఆ కుప్ప దగ్గరికే వస్తుంది. "యాడికీ తిరగొద్దు సామీ. ఆ పెంటికల కుప్ప కనపడ్తాందే, ఆడికే వస్తాది. ఈ కంప పక్కన కూచో, లేయొద్దు" అన్నాడు. కూర్చున్నాను. పొద్దు పొడిచిన కాసేపటికి నిజంగానే వచ్చింది. కుప్ప పక్కనున్న ఎండు గడ్డిపరకను కంటి కింద ఆనించుకుని మెల్లగా రుద్దింది. కంటి మూలకు కిందుగా దానికొక గ్రంథి ఉంటుంది, చూడటానికి నల్లటి చీలిక. అందులోంచి ఊరే జిగురు వాసనతో మిగతా మగవాటికి తన హద్దు చెబుతుంది. ఫోటోలో గడ్డిపరక కొస ఆ చీలికలో దిగి ఉంది, కన్ను సగం మూసుకుని ఉంది, కొమ్ము మెలికల మధ్య తడి మట్టి అంటుకుని ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

సెట్టింగులు అడిగేవాళ్ల కోసం: నాది పాత క్రాప్ సెన్సార్ కెమెరా (వెలుగును పట్టే పలక చిన్నదిగా ఉండే రకం), దూరానివి దగ్గరగా చూపే 70-300 మిల్లీమీటర్ల లెన్స్. కృష్ణజింకకు వెలుగు కుదరడం కష్టం. నలుపుకు సరిపెడితే పొట్ట కింది తెలుపు పూర్తిగా తెల్లబోతుంది. నేను తెలుపును కాపాడుకునేలా కాస్త తక్కువ వెలుగు పడనిచ్చి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైల్) తెరిచి నలుపును పైకి తెస్తాను. ఎండ ముదిరాక మాత్రం కెమెరా సంచిలో పెట్టేయాల్సిందే. నేల వేడెక్కి దాని మీది గాలి అల్లాడటం మొదలైతే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా జింక ఒళ్లు అలుక్కుపోయినట్టే వస్తుంది.

అదే చోట తీసిన ఇంకో ఫోటోలో జంతువేదీ లేదు, ఒట్టి గడ్డి. రోళ్లపాడును 1988లో అభయారణ్యంగా ప్రకటించింది జింకల కోసం కాదు, బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తుండే పక్షి, నేల మీద మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. చుట్టుపక్కలకు కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, గడ్డి నేల కుంచించుకుపోయింది. నేను వెళ్లడం మొదలుపెట్టాక అది నాకు ఎన్నడూ కనబడలేదు. దాని కోసం కంచె వేసి ఉంచిన గడ్డిని, మోకాళ్ల ఎత్తులో కెమెరా పెట్టి, దిగంతం దాకా పడేలా తీశాను. ఇదీ వన్యప్రాణి ఫోటోనే అని నేను గట్టిగా అంటాను. చలికాలం సాయంత్రాలు ఆ గడ్డిలోకే మధ్య ఆసియా నుంచి వచ్చిన హారియర్ గద్దలు దిగుతాయి. అవి చెట్టెక్కి పడుకోవు, గుంపుగా నేల మీదే రాత్రి గడుపుతాయి. పగలంతా మిడతల వేట. గడ్డి కనబడితే ఖాళీ జాగా అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఇక రాత్రి ఆకాశం. ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఉరవకొండ వైపు గాలిమర మీద తీసిన చుక్కల వలయాలు. కెమెరాను కదలకుండా ఉత్తరానికి తిప్పి పెట్టి, 30 సెకన్ల ఫోటోలు వరసగా రెండు గంటలపాటు తీసి, అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే చుక్కలు ధ్రువ నక్షత్రం చుట్టూ గీతలుగా వస్తాయి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి రెండు గంటలకు ఒక్కో గీత 30 డిగ్రీల చాపం అవుతుంది.

ఇందులో మనకొక వరం ఉంది. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో కనబడుతుందనేది మనముండే అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు. అంటే చెయ్యి బారచాపి పిడికిలి పెట్టి చూస్తే, నేల నుంచి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తు. హిమాలయాల దగ్గర అది దీనికి రెట్టింపు ఎత్తులో ఉంటుంది, దాన్ని నేల మీది వస్తువుతో కలపడం కష్టం. మనకు దిగువనే ఉంది కాబట్టి దాని ముందు ఏదైనా నిలబెట్టుకోవచ్చు. గాలిమర రెక్కలు కలిసే మధ్యభాగం 80 మీటర్ల ఎత్తులో ఉంటే, దానికి దాదాపు 300 మీటర్లు దక్షిణంగా నిలబడితే చాలు, ధ్రువ నక్షత్రం సరిగ్గా దాని వెనక్కి వస్తుంది. పగలే వెళ్లి దూరం చూసుకుని, శనగ చేను రైతును అడిగి గట్టు మీద జాగా ఖాయం చేసుకున్నాను. ఆ రాత్రి గాలి పడిపోయింది. రెక్కలు ఆగిపోయి ఉన్నాయి, ఆకాశం మాత్రం తిరిగింది. పగలంతా తిరిగే గాలిమర ఫోటోలో కదలకుండా నిలబడి, చుట్టూ చుక్కలన్నీ వలయాలు కట్టడం చూసి నేను కంప్యూటర్ ముందు కాసేపు అలాగే ఉండిపోయాను.

పాలపుంత ఫోటోకు నేను వెళ్లేది గండికోట. జమ్మలమడుగు దాటాక వెలుతురు బాగా తగ్గుతుంది. మార్చి అమావాస్య రోజుల్లో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు ఆగ్నేయంలో వృశ్చికం పైకి వచ్చి ఉంటుంది. ఎర్రగా మెరిసే జ్యేష్ఠను గుర్తు పడితే చాలు, పాలపుంత నడిబొడ్డు దాని పక్కనే. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలో తెలియాలంటే 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకె) భాగించండి. క్రాప్ సెన్సార్ అయితే ఫోకల్ లెంగ్త్‌ను ముందు ఒకటిన్నరతో గుణించాలి. 18 మిల్లీమీటర్లకు 18 సెకన్లు వస్తుంది, అది దాటితే చుక్కలు సాగిపోతాయి. ఆటో ఫోకస్ పనిచేయదు. ఒక పెద్ద చుక్కను తెర మీద పెద్దది చేసుకుని చేత్తో ఫోకస్ తిప్పాలి. లోయ అంచున కంచె లేని చోట్లు చాలా ఉన్నాయి, చీకట్లో కెమెరా చూస్తూ వెనక్కి నడవకండి.

2024లో వచ్చిన సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క ఫోటో కూడా దాచుకున్నాను. మహాలయ అమావాస్య రోజుల్లో, సూర్యోదయానికి ముందు తూర్పున దిగువన కాసేపే కనబడింది. చెరువు కట్ట మీద ట్రైపాడ్ పెట్టుకుని ఉంటే, నీళ్లు కట్టడానికి పోతున్న రైతు ఆగి అడిగాడు. కెమెరా తెర మీద తోకను చూపించాను. "తోకచుక్క వస్తే కీడంటారు గదా. వానలు పడతాయంటావా, పడవంటావా?" అన్నాడు. వానకూ దానికీ సంబంధం లేదని, అది సూర్యుడి దగ్గరికొచ్చిన మంచూ దుమ్మూ ముద్ద అని చెప్పాను. తృప్తిపడలేదు గానీ వెలుగొచ్చి అది కరిగిపోయేదాకా నా పక్కనే నిలబడ్డాడు. ఫోటోలో ఆయన భుజం మీది పార నీడగా పడింది.

ప్రయాణాల ఫోటోల్లో సంగమేశ్వరం నాకు ప్రాణం. ఏడు నదులు కలిసే చోటని పేరు. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మునిగిపోతుంది, ఎండాకాలం దగ్గరపడి నీళ్లు తగ్గాక బయటపడుతుంది. లోపలున్నది రాతి లింగం కాదు, వేపచెక్క లింగం. అందరూ గుడి తేలినప్పుడు వెళతారు. నేను మునిగేటప్పుడు వెళ్లాను. ఎగువన వరదొచ్చి నీళ్లు మెల్లగా గడప దాకా ఎక్కుతున్నాయి, పూజారి మోకాళ్ల లోతులో నిలబడి హారతి ఇస్తున్నారు. ఫ్లాష్ వాడలేదు. హారతి వెలుగు నీళ్ల మీద పడి అడుగున మెట్టు కనబడింది. అక్కడ నేను తీసినవాటిలో చాలావరకు మామూలుగానే వచ్చాయి, ఆ ఒక్కటి చాలు.

బెలుం గుహల్లోనూ తీశాను. 3,229 మీటర్ల పొడవున్న గుహలు, చూసి తీరాల్సిన చోటే. ఫోటోలకు మాత్రం అక్కడి రంగు లైట్లు రాయి అసలు రంగును మింగేస్తాయి.

కడప దగ్గర లంకమల గురించి చెప్పకుండా ఉండలేను. కలివికోడి అనే చాలా అరుదైన పక్షికి పేరుపడ్డ చోటు అది. 1848లో జెర్డాన్ అనే పక్షి పరిశోధకుడు దాన్ని మొదట నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో అక్కడే మళ్లీ దొరికింది, దాన్ని గుర్తుపట్టడంలో స్థానికుల చెయ్యి ఉంది. రాత్రిపూట కంపచెట్ల మధ్య ఖాళీల్లో తిరిగే పక్షి. దాని ఫోటో నా దగ్గర లేదు, తీయాలని ప్రయత్నించనూ లేదు. అంత అరుదైన పక్షి మీద చీకట్లో టార్చి వేయడం, దాని కూత రికార్డు వినిపించి బయటికి రప్పించడం నాకు తప్పుగా తోస్తుంది. అనుమతి ఉన్న దారిలో పగలు నడుస్తూ, ఆ కంపచెట్లనూ మధ్యలోని ఎర్రమట్టి ఖాళీలనూ తీశాను. అది బతకడానికి ఎలాంటి నేల కావాలో ఆ ఫోటో చెబుతుంది.

చివరగా వీరాపురం. హిందూపురం వైపు, చిలమత్తూరు మండలంలోని పల్లె. చలికాలంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు వందలుగా వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊళ్లో వాళ్లు సైబీరియా పక్షులంటారు గానీ ఇవి మన దేశంలోనే ఉండేవి. ముక్కు పసుపు, వీపు వెనక తోక మీదికి పడే ఈకలు గులాబీ రంగు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మి, వాటిని ఎవరూ కదిలించరు. రెట్టల వాసన, కొంగపిల్లల అరుపులు, చేప ముక్కలు వాకిట్లో పడటం, అన్నీ ఓర్చుకుంటారు.

నాకిష్టమైన ఫోటో ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం తీసింది. ఫోటోకు పనికిరాదని అందరూ చెప్పే వేళ అది. ఒక మిద్దె మీద నుంచి చూస్తే గూడు నా కళ్ల ఎత్తులో ఉంది. తల్లి ఎండకు వీపు పెట్టి రెండు రెక్కలూ విప్పి నిలబడింది, ఆ నీడలో మూడు పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. నీడ జరిగేకొద్దీ అదీ మెల్లగా తిరిగింది. కాసేపటికి జతది వచ్చి ముక్కులోంచి నీళ్లు పిల్లల మీద కారేలా వదిలింది. సెకనులో రెండు వేలో వంతు వేగంతో తీస్తే నీటి చుక్కలు విడివిడిగా పడ్డాయి. ఎండ నేరుగా రెక్కల్లోంచి దిగి, ఈకల కాడలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఉదయపు మెత్తటి వెలుగులో ఇది వచ్చేది కాదు.

మీరు వెళ్లేటట్టయితే బండి ఊరి బయటే ఆపండి, మిద్దె ఎక్కేముందు ఇంటివాళ్లను అడగండి, డ్రోన్ జోలికి పోవద్దు. ఆ ఫోటో పెద్దగా ప్రింటు తీయించి ఆ ఇంటి అవ్వకు ఇచ్చాను. చాలాసేపు చూసి, "పిట్టలు బాగున్నాయి నాయనా, మా ఇల్లు యాడ? చెట్టు మాదే గదా" అంది. ఈసారి కొంగలు దిగాక చెట్టూ ఇల్లూ అవ్వా ముగ్గురూ పడేలా వెడల్పు లెన్స్‌తో వెళ్తున్నాను.