అందరూ ఇంట్లోనే, చీపురు మాత్రం నా చేతిలోనే!

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా ఆయన ఆఫీసు హైదరాబాద్‌లో, పని మాత్రం ఇంటి నుంచే. పిల్లలకి సెలవులు, బాబు ఎనిమిదో క్లాసు, పాప నాలుగు. పనావిడ కూతురి కాన్పుకని ఊరెళ్ళింది. ఊడవడం, తుడవడం, అంట్లు, బాత్రూములు అన్నీ నా నెత్తినే పడ్డాయి. చెప్తే చేస్తారు, కాదనను, కానీ రోజంతా చెప్పడమే ఇంకో పని అయిపోయింది. బాబు చీపురు పట్టుకుంటే మా అత్తగారు "మగపిల్లాడి చేత ఏంటమ్మా" అని లాగేసుకుంటారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, చెప్తే చేస్తారు అన్నావు చూడు, అసలు తలనొప్పంతా అక్కడే ఉంది. ఎప్పుడు ఏం చెయ్యాలో గుర్తుపెట్టుకునేది నువ్వే అయినంతకాలం నువ్వు మేస్త్రివి, వాళ్ళు కూలీలు, మేస్త్రికి సెలవుండదు. అందుకని పని ముక్కలు ముక్కలుగా పంచకు, మొత్తంగా అప్పజెప్పెయ్. బాత్రూములు మీ ఆయనవి అనుకుంటే కడగడం ఒక్కటే కాదు, ఫినాయిల్ అయిపోవచ్చిందని చూసుకోవడం, అరిగిన బ్రష్ మార్చడం, జాలీలో ఇరుక్కున్న వెంట్రుకలు తీయడం కూడా ఆయనే. ఒకటి రెండు రోజులు వాసనొచ్చినా నోరెత్తకు. కష్టమే, నాకు తెలుసు.

ఇది మీ ఇంటి గొడవ ఒక్కటే కాదులే. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైం యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా చేసే మగవాళ్ళ లెక్కే, చెయ్యి తడపని మహానుభావులు అందులో లేనే లేరు!

బాబుకి ఫ్యాన్లు ఇవ్వు. స్విచ్ ఆపి, పాత తలగడ గలీబు రెక్కకి తొడిగి, రెండు చేతులతో నొక్కిపట్టి బయటికి లాగితే దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద పడదు. స్టూలు పట్టుకోవడానికి మాత్రం పెద్దవాళ్ళెవరైనా ఉండాలి. ఫ్యాన్లు, బూజు అయ్యాకే ఊడుపు, తడిగుడ్డ ఆఖర్న. మీ ఆయనకి కాల్స్ మొదలయ్యే లోపే ఇవి కానిచ్చేస్తే నయం, లేకపోతే "మీటింగ్ ఉంది" అనే మాట రెడీగా ఉంటుంది. పాప బట్టలు మడతపెడుతుంది, వంకరగానే పెడుతుంది, ఆ వంకర మడతలే బీరువాలోకి వెళ్ళాలి. నువ్వు దాని కళ్ళ ముందే విప్పి మళ్ళీ మడిచావంటే రేపట్నించి అది ముట్టుకోదు.

ఇక అత్తగారు. ఆవిడతో వాదన పెట్టుకోకు. రథయాత్రప్పుడు పూరీలో సాక్షాత్తూ గజపతి మహారాజు బంగారు పిడి చీపురు పట్టి రథాలు ఊడుస్తారు, ఛెరా పహన్రా అంటారు కదా, అది టీవీలో చూస్తూ ఆవిడ దణ్ణం పెట్టుకునే ఉంటారు. మహారాజుకి లేని నామోషీ మనవడికెందుకు? అయితే ఈ మాట నువ్వు అనకు, మీ ఆయన చేత అనిపించు. కోడలు అంటే ఎదురు చెప్పినట్టుంటుంది, కొడుకు అంటే నవ్వేసి ఊరుకుంటారు. ఆయన అనడమే కాదు, ఆవిడ చూస్తుండగా ఓసారి హాలు ఊడవాలి కూడా.

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో పనులు పంచుకుంటే బాత్రూం నా వంతుకొచ్చింది. మరకలు పోతాయని యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపి పోశాను, ఘాటుకి ఊపిరాడలేదు. ఎందుకలా అయింది?

జవాబు: బాబూ, ఇంకెప్పుడూ ఆ రెండూ కలపకు! కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ఊపిరితిత్తులకి విషం అది. ఒకదాని తర్వాత ఒకటి పోసినా ప్రమాదమే, కాబట్టి ఒకరోజు ఒకటే వాడు, వాడాక నీళ్ళు బాగా కొట్టు. పొరపాటున మళ్ళీ కలిస్తే కడిగేద్దామని అక్కడే నిలబడకు, తలుపు తీసి ఆరుబయటికి వచ్చెయ్. దగ్గు, ఆయాసం తగ్గకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మీది మొజాయిక్ నేలైతే యాసిడ్ జోలికే పోవద్దు, అందులోని చలువరాయి ముక్కల్ని తినేస్తుంది. సబ్బునీళ్ళు పోసి కాసేపు నాననిచ్చి గట్టి బ్రష్‌తో రుద్దు, ఆలస్యంగానైనా వదులుతుంది.