పాత వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ అసలు రంగేదో ఎలా తెలుస్తుంది?

1970ల నాటి వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ (లోపలే మంచం, అల్మరాలుండే వ్యాను) ఏ రంగులో ఫ్యాక్టరీ దాటిందో చెప్పేది ఎం-కోడ్ ప్లేట్, అంటే ఎక్కువ బళ్ళలో ముందు సీటు వెనక బిగించి ఉండే చిన్న రేకు. యాభై ఏళ్ళలో బండి ఎన్ని చేతులు మారినా, తుప్పు గీకించి ఎన్నిసార్లు పెయింట్ కొట్టించినా, తయారైనప్పుడు ఆ రేకు మీద గుద్దిన కోడ్‌లు మారవు; రంగు, సీట్ల కవర్ల రకం, ఆర్డర్ చేసిన అదనపు సదుపాయాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఉదాహరణకి పేస్టల్ వైట్‌నే తీసుకోండి, దాని పెయింట్ కోడ్ ఎల్90డి, అది అచ్చమైన తెలుపు కాదు, అందుకే మామూలు తెలుపు కొట్టిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ రేకు పీకేసి ఉంటే దయచేసి ఊహించకండి, డ్యాష్‌బోర్డు వెనక మిగిలిన పాత రంగు చూడండి.

చాలామంది పొరబడేది లోపలి అమరిక దగ్గర. అదీ వోక్స్‌వ్యాగనే చేసిందనుకుంటారు. వెస్ట్‌ఫాలియా క్యాంపర్లకు బాడీ, పెయింట్ జర్మనీలోని హానోవర్‌లో ఉన్న వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీలో అయ్యేవి, కానీ చెక్క అల్మరాలు, మంచం బిగించింది వీడెన్‌బ్రూక్‌లోని వెస్ట్‌ఫాలియా కంపెనీ.