నీళ్లలోకి దిగే బండి కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, విజయవాడ ఆటోనగర్ నుంచి మావయ్య ఆశీస్సులు.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచెత్తడం కళ్లారా చూశాక, నేల మీదా నీటి మీదా నడిచే బండినే ప్రాజెక్టుగా తీసుకున్నామని గుంటూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. అయితే ఇంజను జోలికి వెళ్లేముందు బరువు లెక్క చూసుకో. రెండో ప్రపంచ యుద్ధంలో ఫోర్డ్ కంపెనీ జీపునే పడవగా మలిచి 12,000కు పైగా తయారుచేసింది. కానీ బరువు అనుకున్నదానికంటే బాగా పెరిగిపోయి, నీటి మట్టానికి పైన మిగిలే అంచు మరీ తక్కువై, అలలున్న చోట అది పనికిరాకపోవడంతో 1943లో తయారీ ఆపేశారు. మీ బండి అడుగు పెట్టెలాగా మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉందనుకుంటే, ఎక్కించే ప్రతి 45 కిలోలకూ అది ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. అరవై కిలోల మనుషులు పన్నెండుమంది ఎక్కితే పదహారు సెంటీమీటర్లు పోయినట్టే. వరదలో మనుషులు భయంతో ఒకే పక్కకు చేరతారన్నది కూడా మరిచిపోవద్దు.

అదే యుద్ధంలో వచ్చిన 'డక్' బండిని మాత్రం శ్రద్ధగా చదువు. జీఎంసీ కంపెనీవారి రెండున్నర టన్నుల ఆరు చక్రాల లారీకి పడవ ఒళ్లు తొడిగే పనిలో లారీ ఇంజనీర్లతోపాటు రాడ్ స్టీఫెన్స్ అనే పడవల రూపశిల్పి కూడా కూర్చున్నాడు. 1942 డిసెంబరులో అమెరికా తీరంలోని ప్రావిన్స్‌టౌన్ దగ్గర తుఫానులో చిక్కుకున్న ఏడుగురు తీరరక్షకులను అది ఒడ్డుకు చేర్చాకే సందేహించినవాళ్లు నమ్మారు. నీళ్లలో తేలడం ఒక ఎత్తు, బురద గట్టు ఎక్కి బయటపడడం ఇంకో ఎత్తు. అందుకే తర్వాతి డక్కులలో డ్రైవరు సీటు దగ్గర నుంచే టైర్ల గాలి తగ్గించి ఇసుక దాటి, మళ్లీ నింపుకొని రోడ్డెక్కే ఏర్పాటు పెట్టారు. వాళ్లు పడవల రూపశిల్పిని కూర్చోబెట్టుకున్నట్టే, మీరూ పున్నమి ఘాట్‌లో పడవ నడిపేవాళ్లను ఒకసారి పిలిచి మీ బండి చూపించండి.

వరద తీశాక మా షెడ్డుకొచ్చిన ఒక ఆటో గేర్‌బాక్సు బోల్టు విప్పితే, ఆయిల్ చిలికిన మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్లు సీలు (తిరిగే షాఫ్టు చుట్టూ సందు మూసే రబ్బరు చుట్టు) పక్కనుంచీ, గాలి గొట్టం నుంచీ చేరతాయి. కాబట్టి షాఫ్టు బండి అడుగుభాగాన్ని దాటే ప్రతి చోటా రెండు సీళ్లు వేసి, గాలి గొట్టాలను పైకెత్తి, నీళ్లు తోడే పంపును మొదటిరోజు నుంచే బిగించండి. తొలి పరీక్ష కృష్ణలో వద్దు. నడుంలోతు చెరువులో, అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని, మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టి చూడండి. దసరా సెలవులకు వచ్చేటప్పుడు షాఫ్టు కొలతలు రాసుకురా, సరిపోయే సీళ్లు ఇక్కడే వెతుకుదాం.

మీ మావయ్య