ఎర్త్ పిట్ రీడింగ్ బాగానే ఉన్నా మోటార్ బాడీ షాక్ కొడుతోంది, ఎందుకు?

ఎర్త్ పిట్‌లో (మోటార్ బాడీని భూమికి కలిపే గుంత) ఏటా ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తున్నాం, పిట్ రీడింగ్ 1 ఓమ్ వస్తోంది, అయినా పంపు మోటార్ షాక్ కొట్టింది, 200 ఆంప్స్ ఎంసీసీబీ (ఫాల్ట్ వస్తే పడిపోయి సప్లై ఆపే బ్రేకర్) కదల్లేదు అన్నారు. ఎంసీసీబీ బాగానే ఉండొచ్చండీ. దాన్ని పడగొట్టడం పిట్ వల్ల అయ్యే పని కాదు.

ఫాల్ట్ కరెంట్ (లైవ్ వైరు బాడీకి తగిలినప్పుడు పారేది) భూమిలో కలిసిపోదు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి తిరిగి చేరాలి. మోటార్‌కి ఒక పిట్, న్యూట్రల్‌కి ఇంకో పిట్, మధ్యలో మట్టి మాత్రమే ఉందనుకోండి. 1 ఓమ్ చొప్పున మొత్తం 2 ఓమ్స్. 240 వోల్ట్స్‌కి పారేది 120 ఆంప్స్. మీ ఎంసీసీబీకి అది మామూలు లోడే. అంతసేపూ మోటార్ బాడీ మీద దాదాపు 120 వోల్ట్స్ ఉంటుంది.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ చూసేటప్పుడు అచ్చం ఇదే జరిగింది. పిట్ల రిజిస్టర్ నిండా మంచి రీడింగులే. (ఆడిట్‌కి వచ్చేవాళ్లూ ఆ రిజిస్టరే అడుగుతారు, బాడీ నుంచి ఎర్త్ పట్టీ ఎక్కడిదాకా వెళ్లిందో చూసేవాళ్లు తక్కువ.) మోటార్ టెర్మినల్ బాక్స్ దగ్గర లూప్ టెస్టర్ (ఫాల్ట్ కరెంట్ వెళ్లి తిరిగొచ్చే మొత్తం దారి, అంటే లూప్, ఎన్ని ఓమ్సో కొలిచేది) పెడితే 2 ఓమ్స్ దాటింది. జీఐ (జింక్ పూత ఇనుప) పట్టీ వెంట వెతుక్కుంటూ వెళ్తే, ఫ్లోరింగ్ పనిలో దాన్ని ట్రెంచ్ దగ్గర కోసేసి ఉన్నారు. ఇంకో జాయింట్‌లో పెయింట్ గీకకుండానే బోల్టు బిగించారు. కేబుల్ ఆర్మర్ (కేబుల్ చుట్టూ ఉండే ఇనుప కవచం) ఉందిగా అనుకుంటే, గ్లాండ్ (దాన్ని బాక్స్‌కి బిగించే భాగం) తుప్పు పట్టి ఆ దారీ లేదు.

కొత్త పట్టీ వెల్డింగ్ చేసి న్యూట్రల్ ఎర్త్ బస్‌కి కలిపాక 0.15 ఓమ్స్ వచ్చింది. అంటే 240 వోల్ట్స్‌కి 1600 ఆంప్స్ పారుతుంది. ఎంసీసీబీ మాగ్నెటిక్ సెట్టింగ్ (ఎంత కరెంట్‌కి వెంటనే పడాలో చెప్పే డయల్) 5 రెట్ల మీద, అంటే 1000 ఆంప్స్ దగ్గర ఉంటే రెప్పపాటులో పడుతుంది. అదే డయల్ 10 రెట్ల మీద ఉంటే 2000 కావాలి. అప్పుడు థర్మల్ (కరెంట్ వేడికి పనిచేసే భాగం) పడేదాకా కొన్ని సెకన్లు ఆగాల్సిందే.

మోటార్ మరీ దూరంగా ఉంటే లూప్ అంత తగ్గదు. అక్కడ సీబీసీటీ (కేబుల్ మొత్తం లోంచి వెళ్లే రింగ్ లాంటి సీటీ, లీకైన కరెంట్‌ని పసిగడుతుంది), దాన్ని చూసి బ్రేకర్‌ని పడగొట్టే ఎర్త్ ఫాల్ట్ రిలే పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ఆర్మర్‌తో సహా కేబుల్ సీటీలోంచి వెళ్తుంటే, గ్లాండ్ ఎర్త్ వైరుని మళ్లీ అదే సీటీలోంచి వెనక్కి తెచ్చి ఎర్త్ చేయాలి. లేకపోతే ఆర్మర్‌లో తిరిగొచ్చే కరెంట్ ఫాల్ట్ కరెంట్‌ని కొట్టేస్తుంది, రిలేకి ఏమీ కనిపించదు.

ఇది సరిచేసేదాకా ఆ మోటార్ ఆపేసి ఉంచండి. లూప్ టెస్ట్ సప్లై ఉండగానే చేస్తారు కాబట్టి లైసెన్స్ ఉన్న మనిషితో చేయించండి. లూప్ రీడింగ్, ఎంసీసీబీ డయల్ ఎక్కడుందో ఇక్కడ పెడితే పడుతుందో లేదో లెక్కేసి చెప్తాను.