పక్కింటి కుక్క మంచులోనే ఉంటోంది, చట్టం ఏం చేయదా?

ప్రశ్న: నమస్తే అండి, మేం అమెరికాలో ఉంటాం. పక్కింటివాళ్లు కుక్కని రాత్రీ పగలూ వెనక యార్డ్‌లో గొలుసుతో కట్టేసి ఉంచుతారు, మంచు పడుతున్నా అంతే, డొక్కలు ఎండిపోయి ఉంది. కంప్లైంట్ ఇస్తే ఆఫీసర్ వచ్చి చూసి, గిన్నెలో నీళ్లున్నాయి, గూడు ఉంది, ఇంక చేసేదేం లేదని వెళ్లిపోయాడు. జంతువుల్ని హింసిస్తే ఫెలొనీ, అంటే పెద్ద నేరం అంటారు కదా, మరి ఇదేంటి? శిక్షలు పెంచమని సెనేటర్‌కి రాద్దామనుకుంటున్నా.

జవాబు: రాయండి, కానీ శిక్షలు పెంచమని మాత్రం కాదు. 2014లో సౌత్ డకోటా కూడా చేరాక 50 స్టేట్స్‌లోనూ ఫెలొనీ సెక్షన్ ఉంది, కాకపోతే అది ఎక్కువగా కావాలని కొట్టడం, చంపడం లాంటి వాటికి, తిండి పెట్టకుండా వదిలేయడం చాలాచోట్ల మొదటిసారికి మిస్‌డిమీనరే, అంటే చిన్న నేరమే. 2019లో వచ్చిన ఫెడరల్ పాక్ట్ యాక్ట్ (జంతువుల్ని నలిపేయడం, కాల్చడం లాంటి ఘోర హింస మీద దేశం మొత్తానికి తెచ్చిన చట్టం) కూడా మీ పక్కింటి యార్డ్ దాకా రాదు. అసలు చిక్కు ఏంటంటే, చట్టంలో "తగిన వసతి" అని రాసి వదిలేస్తే ఏది తగినదో ఆ ఆఫీసర్ ఇష్టం, అందుకే మీకు ఆ జవాబొచ్చింది. మీరు ఏ స్టేటో రాయలేదు గానీ పెన్సిల్వేనియా చూడండి, 2017లో లిబ్రేస్ లా అనే జంతు హింస చట్టం తెచ్చి అంకెలు వేసేసింది: రోజులో 9 గంటలకి మించి కట్టేయకూడదు, 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువున్నా 90 దాటినా అరగంటే. గడియారం, థర్మామీటర్ చూస్తే చాలు, ఇంక వాదన ఎక్కడిది!

ఇంకోటి ఎవరూ అడగరు, ఖర్చు. కుక్కని స్వాధీనం చేసుకుంటే కేసు తేలేవరకు నెలల తరబడి షెల్టర్‌లో మేపాలి, ఆ బిల్లుకి భయపడే కొన్ని కౌంటీలు ముట్టుకోవు అని నా అనుమానం. ఆ ఖర్చు ఓనరే కట్టాలి, దోషి అని తేలితే కొన్నేళ్లు ఏ జంతువునీ పెంచుకోకూడదు, ఈ రెండు రూల్సూ మీ స్టేట్‌లో ఉన్నాయో లేదో చూసి లేకపోతే అడగండి.

సెనేటర్ అంటే వాషింగ్టన్‌లో ఉండే ఆయన కాదండోయ్, మీ స్టేట్ సెనేటర్. వీసా మీద ఉన్నా రాయొచ్చు. ఈలోపు మీ ఇంట్లోంచే తేదీ, టైమ్, ఆ రోజు టెంపరేచర్‌తో ఫొటోలు తీసి పెట్టుకుని మళ్లీ కంప్లైంట్ ఇవ్వండి, జాలేసి గోడ దూకి గొలుసు విప్పారంటే మాత్రం కేసు మీ మీదే పడుతుంది.