మూలంతో సరిచూశాకే

చెల్లెమ్మా,

ఇస్లామిక్ అధ్యయనాల ఎం.ఎ. విద్యార్థులకు పాఠాలు చెప్పడంతో పాటు వారి పరిశోధన వ్యాసాలకు గైడుగా ఉండే బాధ్యత కూడా నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. వాళ్లకు ముందుగా ఏం నేర్పాలని అడిగావు. రాసిన ప్రతి వాక్యాన్నీ మూలంతో సరిచూసుకోవడం నేర్పు. పరిశోధన పద్ధతులు, పాదసూచికల మర్యాదలు, శైలి అన్నీ ఆ అలవాటు వెంట వస్తాయి. అది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా వ్యాసం నిలబడదు.

నీ విద్యార్థులకు ఇది బయటి నుంచి తెచ్చిన నియమంగా చెప్పనక్కర్లేదు. వాళ్లు చదువుతున్న సంప్రదాయం నడిచింది దీనిమీదే. 11వ శతాబ్దంలో కరీమా అల్ మర్వజియ్యా అనే విదుషి మక్కాలో సహీహ్ బుఖారీ అనే హదీసుల (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాల) సంకలనాన్ని బోధించేవారు. ఖతీబ్ అల్ బగ్దాదీ అంతటి పండితుడు హజ్ కోసం వెళ్లినప్పుడు ఆమె వద్ద ఆ గ్రంథాన్ని చదువుకున్నాడు. ఆమె హదీసులు ఉల్లేఖించేటప్పుడు తన మూలప్రతితో సరిచూసేవారని చరిత్రకారుడు జహబీ ప్రత్యేకంగా రాశాడు. అంత ఖ్యాతి ఉన్న గురువు తన జ్ఞాపకాన్ని నమ్ముకుని చెప్పేయవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. అయినా ప్రతి తెరిచి చూసేవారు. మొదటి తరగతిలో ఆమె గురించి చెప్పు. ముఖ్యంగా నీ తరగతిలోని అమ్మాయిలు ఈ విద్యలో తాము కొత్తగా అడుగుపెట్టామనుకుంటూ వస్తారు. ఆమె పేరు విన్నాక ఆ బెరుకు కొంత తగ్గుతుంది.

ఇక ఆచరణ. చిత్తుప్రతి ఇవ్వగానే ఇంటికి తీసుకుపోయి ఎర్రసిరాతో దిద్దకు. విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకో. ఒక్క పేరా చాలు. మూలగ్రంథంలోని పుట తెరిపించు. "ఈ ఇమాం ఇలా అన్నాడని రాశావు కదా, ఎక్కడ అన్నాడో చూపించు" అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నతో ఎన్ని సంగతులు బయటపడతాయో నువ్వే చూస్తావు. ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) గ్రంథాలు, కలామ్ (మత సిద్ధాంత చర్చ) గ్రంథాలు వాదప్రతివాదాల రూపంలో సాగుతాయి. "ఎవరైనా ఇలా అంటే" అని రచయిత ప్రత్యర్థి వాదాన్ని మొదలుపెడతాడు. ఒక్కోసారి పుటంతా అదే నడుస్తుంది. ఆ తర్వాత "మేము ఇలా జవాబిస్తాం" అని దాన్ని ఖండిస్తాడు. తొందరలో ఉన్న విద్యార్థి మొదటి సగం తీసుకుని అది గ్రంథకర్త అయిన ఇమాం అభిప్రాయమని రాసేస్తాడు. ఆయన జీవితమంతా ఎవరిని ఖండించాడో వారి మాటలే ఆయన నోట పెట్టినట్టవుతుంది.

షామిలా వంటి డిజిటల్ గ్రంథాలయాలు వచ్చాక ఈ ప్రమాదం పెరిగింది. వేల గ్రంథాల్లో ఒక్క పదం వెతికితే క్షణంలో వందల ఫలితాలు వస్తాయి. పూర్వం ఒక మనిషికి ఏళ్లు పట్టే వెతుకులాట అది, దాన్ని వద్దనడం అన్యాయం. కానీ వెతికితే దొరికేది నాలుగు పంక్తులే. వాటికి ముందు ఏముందో, తర్వాత ఏముందో తెర మీద కనబడదు. అందుకని నీ విద్యార్థులకు ఒక నియమం పెట్టు: అక్కడ దొరికిన ఏ వాక్యాన్ని వాడుకున్నా, ఆ వాక్యం ఉన్న అధ్యాయం మొత్తం చదివి ఉండాలి, ఏ ముద్రణలో ఏ పుటో చెప్పగలగాలి. హదీసుల సంఖ్యలు కూడా ముద్రణను బట్టి మారతాయి కాబట్టి ఒట్టి సంఖ్య రాస్తే సరిపోదు. కృత్రిమ మేధ ఉపకరణాలు ఇచ్చే ఉల్లేఖనాల విషయంలో మరీ కఠినంగా ఉండు. ఎక్కడా లేని హదీసుకు గ్రంథం పేరు, సంఖ్య తగిలించి నమ్మకంగా చెప్పగలవు అవి. ప్రవక్త అనని మాటను ఆయనకు అంటగట్టకుండా ఉండేందుకు తరాల తరబడి ఉల్లేఖకుల పేర్లు, వారి నడవడి, వారి జ్ఞాపకశక్తి పరిశీలించిన విద్య ఇది. ఆ విద్యలో పట్టా తీసుకునేవాడు చూసుకోకుండా ఉల్లేఖనం ఇవ్వడం నేను క్షమించలేని సంగతి.

అంశం ఎంపిక గురించి. నీ దగ్గరకు వచ్చే మొదటి ప్రతిపాదనలు "ఇస్లాంలో స్త్రీ హక్కులు", "ఇస్లాం, ఆధునికత" లాంటివే అయి ఉంటాయి. నిరుత్సాహపరచకు. ఆ పెద్ద మాట వెనుక ఆ మనిషికి నిజంగా పట్టే ప్రశ్న ఒకటి ఉంటుంది, ఓపికగా మాట్లాడిస్తే బయటికి వస్తుంది. స్త్రీ హక్కుల మీద రాస్తానన్న అమ్మాయిని అసలు ఏ సంగతి కదిలించిందని అడిగితే, భార్య తన వైపు నుంచి విడిపోవాలని కోరుకునే ఖులా గురించి చెప్పవచ్చు. అప్పుడు ఇమాం అబూ హనీఫా పేరున సాగిన హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఇద్దరు రచయితలను, సరఖ్సీనీ కాసానీనీ, పక్కపక్కన పెట్టి చదవమను. ఇద్దరి మధ్య దాదాపు ఒక శతాబ్దం దూరం. భర్త అంగీకారం గురించి ఇద్దరూ ఏ కారణాలు చెబుతారు, ఏ క్రమంలో చెబుతారు, ఒకరు విస్తరించినది మరొకరు ఎందుకు కుదించారు? ఇది ఎం.ఎ. వ్యాసానికి సరిపోయే కొలత. ఆమె మొదట నిరాశపడుతుంది, తన ఆవేశానికి ఈ చిన్న ప్రశ్న చాలదనుకుంటుంది. రెండో నెల నాటికి ఇదే పెద్దదైపోయిందని నీ దగ్గరకు వస్తుంది.

తరగతిలో రెండు రకాల విద్యార్థులుంటారు. మదర్సా నుంచి వచ్చినవారు అచ్చుల (స్వరాల) గుర్తులు లేని అరబ్బీ పాఠాన్ని తడుముకోకుండా చదవగలరు, కానీ పరిశోధన ప్రశ్న అనేది వారికి కొత్త. చరిత్ర, సామాజిక శాస్త్రాల నుంచి వచ్చినవారికి ప్రశ్నలు బాగా వస్తాయి, మూలం దగ్గర ఆగిపోతారు. ఇద్దరిద్దరిని జతచేసి ఒకే పుట చదివించు. నువ్వు చెప్పేదానికంటే ఒకరి నుంచి ఒకరు ఎక్కువ నేర్చుకుంటారు.

అన్నిటికంటే కష్టమైన వారం హదీసుల ప్రామాణికత మీద పాశ్చాత్య పండితుడు జోసెఫ్ షాఖ్ట్ వాదాన్ని చదివే వారం. ధర్మశాస్త్రానికి సంబంధించిన హదీసుల ఉల్లేఖకుల పరంపరలు చాలావరకు తర్వాతి తరాల్లో ప్రవక్త దాకా వెనక్కి పెంచినవేనని ఆయన 1950లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు. కొందరు ఆ పుస్తకం ముట్టుకోనంటారు, కొందరు ఒక్క రాత్రిలో అంతా నమ్మేస్తారు. ఇద్దరికీ ఒకే పని ఇవ్వు: షాఖ్ట్ చదివినా "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా ఆయన వాదాన్ని ఒక పుటలో రాయమను. ఆ తర్వాతే ముస్తఫా ఆజమీ ఇచ్చిన జవాబు, అబ్దుర్రజ్జాక్ హదీసు సంకలనాన్ని పట్టుకుని, షాఖ్ట్ ఒప్పుకున్నదానికంటే పాతవని హరాల్డ్ మోట్స్కీ చూపించిన పొరలు చదివించు. ప్రత్యర్థికి న్యాయం చేయడం విశ్వాసానికి ద్రోహమని ఎవరైనా నొచ్చుకుంటే మధ్యయుగపు మహాపండితుడు గజాలీని గుర్తుచేయి. మతగ్రంథానికి గూఢార్థమే అసలు అర్థమనే బాతినీల వాదాన్ని వారికంటే చక్కగా వివరించి వారికే మేలు చేస్తున్నావని ఆయన్ను తప్పుపట్టారు. ఆ సందేహం అప్పటికే లోకమంతా పాకింది కాబట్టి ముందు దాన్ని సరిగా చెప్పాకే జవాబు చెప్పడం కుదురుతుందని ఆయన సమాధానం. తన ఆత్మకథలో ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఆ వారాల్లో ఒకరిద్దరు తరగతి అయ్యాక నీ గది గుమ్మం దగ్గర నిలబడతారు. చదువు గురించి అడుగుతున్నట్టే మొదలుపెట్టి, తమ విశ్వాసం ఏమవుతోందో చెప్పలేక తడబడతారు. తలుపు తీసి ఉంచు. అక్కడ నువ్వు ఫత్వా (మతపరమైన తీర్పు) చెప్పే ముఫ్తీవి కావు, విచారణాధికారివీ కావు. ఫత్వా అడిగితే అది నా పని కాదని మృదువుగా చెప్పు, అడగదగినవారి దగ్గరకు పంపు. సందేహం వచ్చినవారిని ఆధునికులని పొగడకు, రానివారిని మూఢులని చిన్నచూపు చూడకు. పాఠం దగ్గరికే మళ్లీ తీసుకురా. పుట ముందు ఇద్దరూ సమానులే. నీ సొంత విశ్వాసం గురించి అడిగితే చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. మార్కులకూ దానికీ సంబంధం లేదన్న సంగతి మాత్రం వాళ్లకు అనుభవంలో తెలియాలి.

నీతో విభేదించే విద్యార్థి దొరికితే అదృష్టంగా భావించు. అబూ హనీఫా శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఎన్నో విషయాల్లో గురువుతో విభేదించారు, హనఫీ గ్రంథాలు ఆ ముగ్గురి మాటలనూ పక్కపక్కనే భద్రపరిచాయి. షైబానీ మదీనా వెళ్లి ఇమాం మాలిక్ దగ్గర ఆయన హదీసు, ధర్మశాస్త్ర గ్రంథం మువత్తా విన్నాడు. దాన్ని తాను ఉల్లేఖించేటప్పుడు గురువు మాటను యథాతథంగా ఇచ్చి, దాని కింద తాము దాన్ని స్వీకరిస్తామో లేదో రాశాడు. నీ విద్యార్థులకు నేర్పవలసిన రాత అదే: ముందు ఎదుటివారి మాట చెక్కుచెదరకుండా, తర్వాత తన మాట విడిగా. రెండూ కలిసిపోయిన పేరా కనబడితే తిరిగి రాయించు.

నిర్ధారణల పరిమాణం కూడా చూడు. బర్మింగ్‌హామ్ ఖుర్ఆన్ పత్రాల సంగతి మంచి ఉదాహరణ. రేడియోకార్బన్ పరీక్ష ఆ తోలుపత్రానికి క్రీ.శ. 568-645 మధ్య కాలం చెప్పిందని 2015లో ప్రకటించారు. ఆ తేదీ తోలుది. సిరా ఎప్పుడు పడిందో ఆ పరీక్ష చెప్పదు. ఉత్సాహవంతులు ఒకవైపు, సంశయవాదులు ఇంకోవైపు ఆ తేడా మరిచి ఎంతో రాశారు. నీ విద్యార్థి ఆ పత్రాల గురించి ఒక్క వాక్యం రాసినా ఆ తేడా అందులో ఉండాలి.

మౌఖిక పరీక్ష రోజున విద్యార్థి తడబడితే నువ్వు అందుకుని జవాబు చెప్పకు. మనసు లాగుతుంది, అయినా ఆగు. పుట సంఖ్య చెప్పి గ్రంథం తెరిచే అవకాశం ఆమెకు ఇవ్వమని పరీక్షకులను అడుగు, అంతవరకే. ఈ సంవత్సరపు మొదటి చిత్తుప్రతులు చేతికి వచ్చాక ఒకదాన్ని, విద్యార్థి ఒప్పుకుంటేనే, మూలంలోని పుటలతో కలిపి నాకు పంపు. చదివి, పక్కన రాసి పంపుతాను.

ప్రేమతో,
నీ అక్క